ఎడమకే తిరిగే బండ్లు

2011 ఫిబ్రవరి 20న డేటోనా 500 గెలిచిన కుర్రాడి పేరు ట్రెవర్ బేన్. ఆ ముందు రోజే అతనికి ఇరవై ఏళ్లు నిండాయి. అమెరికా స్టాక్ కార్ రేసుల్లో అంతకు మించిన గెలుపు లేదు, నాస్కార్ సీజన్ మొదలయ్యేదే దానితో. నాలాంటి అభిమానులందరం ఇంకో పాతికేళ్లు ఈ పేరే వింటామనుకున్నాం. నాస్కార్ పోటీల్లో పై అంచె అయిన కప్ సిరీస్‌లో బేన్ మళ్లీ ఒక్క రేసు కూడా గెలవలేదు.

సరిగ్గా పదేళ్లకు అదే రేసు మైకేల్ మెక్‌డోవెల్ గెలిచాడు. కప్ సిరీస్‌లో అతనికది 358వ రేసు, మొదటి గెలుపు. చివరి ల్యాప్‌లో ముందు పోతున్న ఇద్దరూ ఒకే టీమువాళ్లు. ఒకరినొకరు తగులుకుని మంటల్లో చిక్కుకుంటే వెనకాల వస్తున్న ఇతను సందులోంచి బయటపడ్డాడు. 2025లో విలియం బైరన్ చివరి ల్యాప్ మొదలయ్యేసరికి తొమ్మిదో స్థానం దగ్గర ఉన్నాడు. ముందున్నవాళ్లు గుద్దుకుని చెల్లాచెదురయ్యారు, గీత దాటేసరికి అతని ముందు ఎవరూ లేరు. వానకు ఆగి ఆగి సాగిన ఆ రేసు ముగిసేసరికి మా నాచారంలో తెల్లారింది, పాల ప్యాకెట్లవాడు వచ్చి పోయాడు కూడా.

అందుకే మార్చి సగం గడిచేదాకా నేను పాయింట్ల పట్టిక జోలికి పోను. ఫిబ్రవరిలో ఎవరు గెలిచారన్నది ఒక సంగతి, ఎవరి దగ్గర మంచి బండి ఉందన్నది ఇంకో సంగతి. మొదటిది అందరికీ కనిపిస్తుంది. రెండోది కనిపెట్టాలి.

డేటోనా ట్రాక్ చుట్టుకొలత రెండున్నర మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్లు. మలుపుల్లో రోడ్డు 31 డిగ్రీలు వాలి ఉంటుంది. మనిషి దాని మీద నిలబడటమే కష్టం, కార్లు మాత్రం యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండా పోతాయి. 1987లో టాలడేగా ట్రాక్ మీద బాబీ ఆలిసన్ కారు గాల్లోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. మరుసటి ఏడాది నుంచి ఈ రెండు పెద్ద ట్రాకుల మీదా ఇంజిన్‌కి అందే గాలిని ఒక చిల్లుల పలకతో తగ్గించేశారు. రూపం మారినా ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. అందరి ఇంజిన్లకూ ఒకే కళ్లెం పడ్డాక ముందుకు పోవడానికి మిగిలేది ముందు కారు చీల్చిన గాలి ఒక్కటే. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద లారీ వెనక స్కూటర్ నడిపినవాళ్లకు ఇది అనుభవమే. ఎదురుగాలి ఆగిపోయి బండి ఒక్కసారిగా తేలికవుతుంది. (ప్రాణాల మీద ఆశ ఉంటే చేయకండి.) డేటోనాలో నలభై కార్లు అదే పనిని మూడు గంటలపాటు, గంటకు 300 కిలోమీటర్ల వేగంతో, ఒకదాని బంపర్‌కి ఇంకోటి ఆనించి చేస్తాయి. ఒక్కడు తడబడితే పదిహేను, ఇరవై కార్లు తుక్కు. ఇందులో పనితనం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను. కాకపోతే ఎంత పనితనం ఉన్నా చివరి ల్యాప్‌లో అదృష్టం మాటే చెల్లుతుంది.

ఉప్పల్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు సీజన్ మొదట్లో వచ్చే ఫలితాల గురించి అమెరికా వాళ్లు నేర్పనక్కర్లేదు. 2025 మార్చి 23న మన స్టేడియంలో సన్‌రైజర్స్ తొలి మ్యాచ్‌లోనే రాజస్థాన్ మీద 286 కొట్టింది. ఆ రాత్రి మెట్రోలో ఇంటికి పోయే జనం అందరిదీ ఒకటే లెక్క, మూడు వందలు ఏ మ్యాచ్‌లో వస్తుందని. తర్వాత వరసగా నాలుగు ఓడారు. చివరికి ఆరో స్థానం. అంతకు ముందు ఏడాది సరిగ్గా తలకిందులు: మొదటి మ్యాచ్ కోల్‌కతాలో ఓడి ఇంటికొచ్చారు, మార్చి 27న ముంబై మీద 277 కొట్టారు, ఫైనల్ దాకా పోయారు.

నాస్కార్‌లో 2024 అలాంటి ఏడాదే. జోయీ లొగానో డేటోనాలో అందరికంటే ఎక్కువ ల్యాపులు ముందు నడిచాడు, ఆఖర్న పెద్ద ప్రమాదంలో కారు పోగొట్టుకున్నాడు. జూన్ ఆఖరి దాకా పాయింట్ల లెక్కలోకి వచ్చే రేసు ఒక్కటీ గెలవలేదు. నవంబర్‌లో ఛాంపియన్ అతనే. అదే ఫిబ్రవరిలో అట్లాంటాలో మూడు కార్లు పక్కపక్కనే గీత దాటితే డేనియల్ స్వారెజ్ సెకనులో వెయ్యింట మూడు వంతుల తేడాతో గెలిచాడు. కంటికి అందని తేడా అది. చూస్తుంటే ఒళ్లు జలదరించింది, నిజమే. స్వారెజ్ కారు మంచిదా కాదా అన్నది మాత్రం ఆ రాత్రి నాకు కొంచెం కూడా తెలియలేదు.

మరి సోమవారం పొద్దున పని పెట్టుకుని అర్ధరాత్రి దాటాక మొదలయ్యే రేసు కోసం ఫిబ్రవరిలో ఎందుకు మేలుకోవడం? మా ఇంట్లో కూడా అడుగుతారు. నా జవాబు: షెడ్డు పని చూడటానికి.

నవంబర్ మొదట్లో సీజన్ ముగుస్తుంది. అప్పటి నుంచి ఫిబ్రవరి దాకా షార్లెట్ చుట్టుపక్కల ఊళ్లలోని వర్క్‌షాపుల్లో ఎవరికి వారు తలుపులు వేసుకుని ఏవేవో చేస్తారు. ఆ మూడు నెలల పని బయటపడేది సీజన్ మొదటి వారాల్లోనే. ఎండాకాలం వచ్చేసరికి ఒకరిది ఒకరు చూసి నేర్చేసుకుంటారు, తేడాలు చెరిగిపోతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మాత్రం ఎవరి బండి వారిదే, ఎవరి బుర్ర వారిదే. డ్రైవర్‌కీ మేస్త్రీకీ మధ్య రేడియోలో నడిచే మాటలు అభిమానులు కూడా వినొచ్చు. మలుపు మధ్యలో బండి తిరగనంటోందని ఒకడు, మలుపు దాటేటప్పుడు వెనక జారిపోతోందని ఇంకొకడు. మేస్త్రీ ఒక టైరులో కాస్త గాలి తీయిస్తాడు, లేదా ఆపినప్పుడు వెనక అద్దంలోంచి పొడుగాటి పానా దూర్చి స్ప్రింగ్ బిగువును ఒక చుట్టు మారుస్తాడు. పది సెకన్లలో అయిపోవాలి. తర్వాతి ఇరవై ల్యాపుల్లో డ్రైవర్ ఏమంటాడో అని చెవి ఒగ్గి వింటాను. గెలుపు సంగతి ఆ మాటల్లో ముందే తెలిసిపోతుంది.

నేను బండి ఇచ్చే షెడ్డు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక లేత్ పక్కన ఉంది. ఒకసారి ఫోన్లో రేసు ముక్క చూపిస్తే అక్కడి ఉస్తాద్ పెదవి విరిచాడు.

"గుండ్రంగ తిరుగుడేనా సార్? కుడి దిక్కు తిరుగరా?"

"లేదు భాయ్, ఓవల్ మీద ఎప్పుడూ ఎడమకే."

కాసేపు చూశాడు. "అట్లైతె బరువంత కుడి దిక్కే పడ్తది. ఆ దిక్కు టైర్లే అరుగుతయ్. స్ప్రింగ్ గూడ ఆ దిక్కు గట్టిది ఎయ్యాలె."

స్టాక్ కార్ గురించి పుస్తకాలు చదివి తెలుసుకునేది ఆయన నిలబడి ఒక్క చాయ్ తాగేలోపు చెప్పేశాడు. కుడివైపు రెండు టైర్లే మార్చి ఎడమవి వదిలేసే ఎత్తు అక్కడ రోజూ వేసేదే. సమయం కలిసొస్తుంది, పట్టు సగమే వస్తుంది, ఎన్ని ల్యాపులు మిగిలాయన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

అసలు ఈ ఆట పుట్టిందే షెడ్డులో. అమెరికా దక్షిణాది కొండల్లో నాటుసారా కాచేవాళ్లు పోలీసుల కంటే వేగంగా పోవడానికి మామూలు కార్లకు మరమ్మతులు చేసుకునేవారు. ఎవరి కారు ముందు అన్న పందాలు వాటితోనే మొదలయ్యాయి. 1948లో బిల్ ఫ్రాన్స్ డేటోనా బీచ్‌లో నాస్కార్‌ను పెట్టి ఆ పందాలకు చట్రం బిగించాడు. షోరూంలో కొన్నది కొన్నట్టే తేవాలన్న షరతుతో మొదటి రేసు 1949 జూన్ 19న షార్లెట్‌లో జరిగింది. ముందుగా గీత దాటినవాడు గ్లెన్ డనవే. రేసయ్యాక కారు కింద దూరి చూస్తే వెనక కమాన్ కట్టలు సాగదీసి ఉన్నాయి. అది సారా మోసే కారు! బరువు వేసినా, మలుపులో తోలినా ఒరగకుండా చేసుకున్న ఏర్పాటది. గెలుపు కొట్టేసి వెనక వచ్చిన జిమ్ రోపర్‌కి ఇచ్చారు. ఇప్పటికీ నాస్కార్‌లో కొట్లాటంతా దాని చుట్టూనే, ఎంతవరకు తెలివి, ఎక్కడి నుంచి మోసం అని.

ఉస్తాద్ నమ్మని మాట ఇంకోటుంది. కప్ సిరీస్ కార్లకు 2011 దాకా కార్బ్యురేటరే. ఫ్యూయల్ ఇంజెక్షన్ 2012లో గానీ రాలేదు. మన మారుతి 800కి అంతకు పదేళ్లకు పైగా ముందే వచ్చింది. "ఊకోండ్రి సార్" అన్నాడు.

2022లో ఆ కారు మొత్తం మారిపోయింది. అంతకుముందు ఒక్కో టీమూ రేకును తానే వంచుకుని, తానే వెల్డింగ్ చేసుకుని బాడీ కట్టుకునేది. రేకు మీద చేయి పెట్టి పావు అంగుళం ఎక్కడ తగ్గించాలో చెప్పగల పాతకాపులు వాళ్ల దగ్గర ఉండేవారు. ఇప్పుడు చాసిస్, బాడీ ముక్కలు, గేర్‌బాక్సు అన్నీ అందరికీ అవే కంపెనీల నుంచి వస్తాయి. చక్రానికి ఐదు నట్ల బదులు మధ్యలో ఒక్కటే. ఖర్చు తగ్గించడానికి, చిన్న టీములకు దారి ఇవ్వడానికి అన్నారు. అబద్ధం కాదు, గెలిచేవాళ్ల పేర్లు పెరిగాయి. అయినా నాకు మనసు ఒప్పదు. నాచారంలోనూ అదే జరిగింది కదా. ఒకప్పుడు డోరు సొట్ట పడితే డెంటింగ్ పనివాడు లోపలి నుంచి చిన్న సుత్తితో తడుతూ, బయట అరచేత్తో తడుముతూ రేకును మళ్లీ దాని ఆకారానికి తెచ్చేవాడు. ఇప్పుడు ప్లాస్టిక్ బంపర్ పగిలితే కొత్తది తెప్పించి నాలుగు క్లిప్పులు నొక్కడమే. పని తొందరగా అవుతుంది. ఆ పనిలో ఎవరి చేయి మంచిదో అడిగే అవసరం ఉండదు.

అయినా చేతి పనికి చోటు పూర్తిగా పోలేదు. 2024 మార్చిలో బ్రిస్టల్ అనే అర మైలు ట్రాక్ మీద ఎవరూ అనుకోనంత వేగంగా టైర్లు అరిగిపోయాయి. తొక్కినవాడు కొన్ని ల్యాపులకే నడిరోడ్డు మీద మిగిలాడు. ముందుండటం 54 సార్లు చేతులు మారింది, చిన్న ట్రాకుల్లో అదే రికార్డు. చివరికి మొదటి మూడు స్థానాల్లో నిలిచిన హామ్లిన్, ట్రూఎక్స్, కెసెలోస్కీ ముగ్గురూ నలభై నిండినవాళ్లు. కాలు ఎప్పుడు తీయాలో తెలిసినవాళ్లు. సీజన్ మొదట్లో నాకు కావలసింది ఇలాంటి రేసు. గాలికి కొట్టుకుపోయేది కాదు, మనిషీ బండీ తేల్చుకునేది.

మార్చి చివర్లో వచ్చే మార్టిన్స్‌విల్ కూడా అలాంటిదే. దాని మీద నాకు ప్రత్యేకమైన మమకారం, కారణం కోయంబత్తూరు.

కోయంబత్తూరు మిల్లుల నాయుళ్ల సంగతి మనకు తెలిసిందే. తరాల కిందట తెలుగు నేల నుంచి పోయి అక్కడ స్థిరపడినవాళ్లు. ఊరంతా తమిళం, ఇంట్లో తెలుగు. మోటార్లు, మిల్లు మెషిన్లు అంటే ప్రాణం పెట్టే జి.డి. నాయుడు లాంటివాళ్లు పుట్టింది అక్కడే. అక్కడి లక్ష్మీ మిల్స్ కుటుంబంలోనివాడు కరివర్ధన్. 1980ల చివర్లో మారుతి 800 ఇంజిన్ పెట్టి ఒక్క సీటు రేసు కారు తయారు చేశాడు, కుర్రాళ్లకు అందే ధరలో. మన దేశంలో రేసింగ్ నేర్చుకున్న ఒక తరమంతా ఆ ఫార్ములా మారుతిలోనే నేర్చుకుంది. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చెట్టిపాళయంలోని ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. స్టాక్ కార్ అంటే అమెరికాది ఒక్కటేనా? బజారులో దొరికే ఇంజిన్‌ను పట్టుకుని షెడ్డులో రేసుకు తగ్గట్టు మలచడమే దాని ప్రాణమైతే, కరివర్ధన్ చేసింది దానికి చాలా దగ్గర.

ఆ కారులోనే శ్రీపెరుంబుదూరులో తొలి రేసు నడిపాడు నరేన్ కార్తికేయన్. 2005లో ఫార్ములా వన్‌కి పోయిన మొదటి భారతీయుడిగా అందరికీ గుర్తు. 2010లో అతను నాస్కార్‌లో అడుగుపెట్టిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ట్రక్ సిరీస్‌లో, వైలర్ రేసింగ్ టీము 60వ నంబరు షెవర్లే. పికప్ ట్రక్కు ఆకారం పైన, లోపలంతా స్టాక్ కారే. మార్చి 27న మార్టిన్స్‌విల్‌లో మొదటి రేసు, అంటే సీజన్ ఇంకా ఊపందుకోని రోజులు.

మార్టిన్స్‌విల్ ఓవల్ మొత్తం కలిపి 850 మీటర్లు ఉండదు. రెండు పొడుగాటి దారులు, రెండు ఇరుకు మలుపులు. అప్పటి ఫార్ములా వన్ కారు డ్రైవర్‌తో కలిపి సుమారు ఆరు వందల కిలోలు. ఈ ట్రక్కు సుమారు టన్నున్నర. అక్కడ కార్బన్ బ్రేకులు, ఇక్కడ ప్రతి మలుపులో ఎర్రగా కాగే ఇనప డిస్కులు. అక్కడ పక్క కారును తాకితే రెక్క విరిగి ఇంటికే. ఇక్కడ ముందువాడు దారి ఇవ్వకపోతే బంపర్‌తో తట్టి జరపడం ఆటలో భాగం. 250 ల్యాపులంటే 500 మలుపులు, అన్నీ ఎడమకే. ముప్పై మూడేళ్ల మనిషి, కొత్త దేశంలో, జీవితంలో ఎన్నడూ నేర్వని పద్ధతిలో నడిపి 13వ స్థానంలో ముగించాడు.

ఆ ఏడాది చివర్లో ట్రక్ సిరీస్‌లో అభిమానుల ఓట్లతో ఇచ్చే ఆదరణ అవార్డు నరేన్‌కే వచ్చింది. ఇంటర్నెట్‌లో ఓటేసిన మనవాళ్ల పుణ్యం. సంతోషమే, కాదనను. కానీ మన పత్రికలు ఆ ఓట్ల గెలుపు రాసినంత ఇష్టంగా మార్చి నాటి 13ను రాయలేదు. నాకు మాత్రం ఆ 13 ఎక్కువ. డేటోనాలో అయితే 13కు అర్థం లేదు, పెద్ద ప్రమాదం తప్పించుకున్నవాడికి ఆ స్థానం ఊరికే దొరుకుతుంది. మార్టిన్స్‌విల్‌లో ఎవరి వెనకా దాక్కోవడానికి గాలి ఉండదు. బ్రేకు ఎక్కడ తొక్కాడు, ఎంతసేపు ఓపిక పట్టాడు, లెక్క అంతే. ఆ ఏడాది మరికొన్ని రేసులు నడిపి మళ్లీ ఫార్ములా వన్‌కి వెళ్లిపోయాడు. ఇంకో రెండు సీజన్లు నాస్కార్‌లోనే ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మన ఊళ్లోనూ సీజన్ మొదట్లో ఒక రేసు పడింది. 2023 ఫిబ్రవరి 11, హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, ఆ సీజన్‌లో నాలుగోది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కరెంటు కార్లు, ఈలలాంటి సన్నటి చప్పుడు. మరుసటి ఏడాది జరగాల్సింది రద్దయింది. అది జరిగినందుకు సంబరపడ్డాను, మళ్లీ రాలేదని పెద్దగా బాధపడలేదు. ఆ కార్లలో చేయి పెట్టేందుకు నాచారం ఉస్తాద్‌కి ఏమీ లేదు.

నా కోరిక వేరే. 2022 ఫిబ్రవరిలో నాస్కార్ వాళ్లు లాస్ ఏంజెలెస్‌లోని కొలీజియం స్టేడియంలో, ఫుట్‌బాల్ ఆడే చోట, తారు పోసి పావు మైలు ఓవల్ కట్టారు. సీజన్‌కి ముందు సరదా రేసు, పాయింట్లు లేవు. మూడేళ్లు అక్కడ జరిపి 2025లో విన్‌స్టన్ సేలంలోని బౌమన్ గ్రే స్టేడియానికి మార్చారు. అక్కడైతే 1949 నుంచి వారం వారం ఫుట్‌బాల్ మైదానం చుట్టూ కార్లు తిరుగుతూనే ఉన్నాయి. వేగం తక్కువ, గుద్దుకోవడం ఎక్కువ. పావు మైలంటే నాలుగు వందల మీటర్లు. ఉప్పల్ స్టేడియం బౌండరీ తాడు చుట్టుకొలత చూస్తే లెక్క దాదాపు సరిపోతుంది. పచ్చిక ముట్టుకుంటే క్రికెట్ వాళ్లు ఊరుకోరు, ఐపీఎల్ నెత్తి మీద ఉండగా ఎవడూ ఒప్పుకోడు, తెలుసు. అయినా పాత మారుతులు, ఎస్టీములు, అంబాసిడర్లు ఓ ఇరవై, రామంతాపూర్ నుంచి మల్లాపూర్ దాకా ఒక్కో షెడ్డుకు ఒక్కో బండి, ఫిబ్రవరిలో ఒక్క రాత్రి.

ఈ మాట ఉస్తాద్‌తో అంటే డ్రైవర్లు ఎవరని అడగలేదు, టికెట్ ఎంతని అడగలేదు.

"పెట్టుండ్రి సార్. డెంటింగ్ కాంట్రాక్టు మాత్రం నాకే ఇయ్యాలె."